తొలి యుద్ధనౌక నమూనాను ఎన్నుకొనుట

నమూనా యోడలను కట్టవలెనను కుతూహలము మన పాఠశాలలో ఈ సంవత్సరము వ్యాపించినది. పై తరగతుల బాలురు కొందఱును, బాలికలు ఇద్దఱును హస్తకళల గంట ముగిసిన పిమ్మట నన్ను నిలిపి, "మాష్టారూ, మొదట ఏ యోడ కిట్టును కొనవలెను?" అని అడిగిరి. అడుగుటకు ముందే వారిలో ప్రతియొక్కరును మనస్సులో ఒక యోడను నిశ్చయించుకొనియే యుండిరి. ఒకరికి జపానువారి యమాటో కావలెను. ఒకరికి జర్మనుల బిస్మార్కు. మఱొకరికి బ్రిటిషువారి హుడ్. మూడును మహానౌకలు. మూడును ఇప్పుడు సముద్రపుటడుగున పడియున్నవి. వీనిలో ఏదియు తొలి కిట్టుగా తగదని నేను చెప్పగా వారి ముఖములు చిన్నబోయినవి. అట్లు చెప్పుటకు గల కారణములను వరండాలో నిలువబడి అయిదు నిమిషములలో వివరించుట సాధ్యము కాదు. కనుక ఈ పత్రికలో వ్రాయుచున్నాను. కొనిపెట్టువారు తల్లిదండ్రులే కాబట్టి వారును దీనిని చదువుదురని నా యాశ.

కిట్టు అనగా ముక్కలుగా వచ్చు ఓడ. పాలిస్టైరీను అను ప్లాస్టికును కరగించి, ఉక్కు అచ్చులలోనికి మిక్కిలి ఒత్తిడితో ఎక్కించి చల్లార్చుదురు. ఓడ ప్రక్కలు, డెక్కు, పొగగొట్టములు, ఫిరంగులు, లంగరులు మున్నగు భాగములన్నియు ఒక సన్నని చట్రమునకు, తీగకు కాయలు కాచినట్లు, అంటుకొని వచ్చును. ప్రతి ముక్క ప్రక్కను ఒక అంకె యుండును. ఆ యంకెలనుబట్టి ముక్కలను కోసి, నునుపు చేసి, అతికించి, రంగు వేయుట కట్టువారి పని. పెట్టెమీది బొమ్మలో అలలను చీల్చుకొని పోవు ఓడ కనబడును గాని, పెట్టెలోపల నున్నవి బూడిదరంగు పుల్లలును రేకులును మాత్రమే. ఈ భేదమును మొదటనే గ్రహించినవారు సగము మోసమునుండి తప్పించుకొందురు.

ఇట్టి ప్లాస్టికు ఓడలు వచ్చి ఎంతో కాలము కాలేదు. అంతకుముందు నమూనా యోడలను కొయ్యతో చెక్కుచుండిరి. ఇంగ్లండులో ఏర్‌ఫిక్స్ కంపెనీవారు 1952లో గోల్డెన్ హైండ్ అను చిన్న తెరచాప యోడను కిట్టుగా చేసి, వూల్‌వర్త్ దుకాణములలో రెండు షిల్లింగులకు అమ్మించిరి. పదునాఱవ శతాబ్దమున ఫ్రాన్సిసు డ్రేకు భూమిని చుట్టివచ్చిన యోడ అది. జపానులో షిజువోకా పట్టణమున కొయ్య నమూనాలు చేయుచుండిన టమియా కంపెనీ 1960లో తన మొదటి ప్లాస్టికు కిట్టును వెలువరించినది. అది ఏ యోడయో ఊహింపగలరా? యమాటోయే, అసలు ఓడలో 800వ వంతు. అంతకంటె చౌకయైన పోటీ సరకు బజారులో నుండుటచేత అది అమ్మకమున నెగ్గలేదు. తొలి కిట్టుగా యమాటోను ఎన్నుకొనుట ఆ కంపెనీకి సయితము కలిసిరాలేదని మన బాలురతో అంటిని. వారు నవ్విరి గాని ఒప్పుకొనలేదు. తరువాత 1971లో ఆ షిజువోకా ప్రాంతమునకే చెందిన టమియా, హసెగావా, అవోషిమా, ఫుజిమి అను నాలుగు కంపెనీలు కూడబలుకుకొని, యోడలను తమలో పంచుకొని, అన్నియు 700వ వంతున నుండునట్లు 'వాటర్‌లైన్' అను వరుసను ప్రారంభించినవి. 1992లో ఫుజిమి ఆ పొత్తునుండి విడిపోయినది. నేడు మనకు దొరకు చిన్న యుద్ధనౌకల కిట్లలో అధిక భాగము ఆ 700వ వంతువే.

తొలి కిట్టు విషయమున జరుగు నష్టము ఓడ చక్కగా రాకపోవుట కాదు. ఓడ అసలే ముగియకపోవుట. క్రిస్మసుకు కొన్న పెద్ద పెట్టెను తెఱచి, రెండు దినములు ఉత్సాహముగా పని చేసి, మూడవ దినమున చిన్న ముక్కల యెదుట విసిగి, పెట్టెను బీరువాపైకి ఎక్కించిన బాలుడు దానిని మఱల దింపడు. దింపకపోయిన పోనిమ్ము; "నాకు చేతిపని రాదు" అని పదునాలుగేండ్లకే తనపై తాను తీర్పు చెప్పుకొనును. ఆ తీర్పు అబద్ధము. వానికి చేతిపని రాకపోవుట కాదు, వాని చేతికి తగని పెట్టెను ఎవరో ఇచ్చిరి. సులభమునుండి కఠినమునకు, తెలిసినదానినుండి తెలియనిదానికి నడిపింపవలెనని ఉపాధ్యాయ శిక్షణాలయములలో మాకు మొదటనే నేర్పుదురు. లెక్కలలో ఈ నియమమును పాటించు మనము బొమ్మలు కొనునపుడు ఏల మఱచుదుమో తెలియదు. కూడికలు రాని పిల్లవానికి చక్రవడ్డీ లెక్క ఇచ్చి, వాడు ఏడ్చినచో మందమతి యనువారు ఎవరైన కలరా?

ఇక 'వంతు' అను మాట. పెట్టెమీద 1:700 అనియో 1:350 అనియో అచ్చువేసి యుండును. అసలు ఓడ పొడవును ఆ సంఖ్యతో భాగించినచో నమూనా పొడవు వచ్చును. విశాఖపట్టణము సముద్రతీరమున కుర్సురా అను జలాంతర్గామిని మీలో పలువురు చూచియుందురు. అది 1969లో మన నౌకాదళమున చేరి, 2001లో విరమించి, 2002 నుండి ఇసుకమీద ప్రదర్శనశాలగా నిలిచియున్నది. దాని పొడవు సుమారు 91 మీటర్లు. దాని ప్రక్కన ఒక చివరనుండి మఱొక చివరకు నడచినవారికి ఆ పొడవు కాళ్లకు తెలియును. 700వ వంతున అది 13 సెంటీమీటర్లగును, అనగా వ్రాతకలమంత. 350వ వంతున 26. 144వ వంతున 63. 72వ వంతున మీటరు నాలుగవ వంతుకు పైబడును, దానిని పెట్టుటకు ఇంటిలో బల్ల వెదకికొనవలెను. దానిమీద నిలిచిన నావికుడు 700వ వంతున రెండున్నర మిల్లీమీటర్ల యెత్తుండును, బియ్యపుగింజలో సగము. 72వ వంతున వాడు మీ చిటికెన వ్రేలి కణుపంత యగును.

ఇక్కడ బాలురు తఱచుగా ఒక తప్పుటూహకు లోనగుదురు. 350వ వంతు నమూనా 700వ వంతు నమూనాకు రెండింతలు గదా, రెండింతల పని యుండునని వారి లెక్క. పొడవు రెండింతలైనచో రంగు వేయవలసిన తలము నాలుగింతలు, ఘనపరిమాణము ఎనిమిదింతలు. ముక్కలును అదే విధముగా పెరుగును. ఏలయనగా 700వ వంతున అచ్చులో వదలివేసిన వివరములను 350వ వంతున కంపెనీవారు వదలరు. అందుచేత పెద్ద వంతు చూపునకు సులభమే గాని, కూర్చుండు సమయమునకు సులభము కాదు.

చిన్న వంతునందు మఱొక విధమైన చిక్కు కలదు. ఓడ డెక్కు అంచున నావికులు పడిపోకుండ కట్టు కమ్మి అంగుళము మందమున్నదనుకొందము. దానిని 700తో భాగించినచో మిల్లీమీటరులో ఇరువదియేడవ వంతు వచ్చును. తలవెండ్రుక కంటె సన్నము. అంత సన్నని ప్లాస్టికును ఏ అచ్చును పోయలేదు. కావున మామూలు కిట్లలో ఆ కమ్ములే యుండవు. వానికొఱకు పలుచని ఇత్తడి రేకును ఆమ్లముతో కొఱికించి చేసిన భాగములను వేఱుగా అమ్ముదురు. కొన్ని ఖరీదైన పెట్టెలలో అవి ముందే చేర్చియుందురు. వానిని వంచుటకు పట్టకారును, అతికించుటకు ఫెవిక్విక్ వంటి క్షణములో బిగియు జిగురును కావలెను. ఆ జిగురు ఇత్తడిని పట్టుకొనుటకు ముందు వ్రేళ్లను పట్టుకొనును. పెట్టెలో ఇత్తడి రేకు ఉన్నదని దుకాణదారుడు గొప్పగా చెప్పినచో, తొలిసారి కొనువారు దానిని గుణముగా గాక హెచ్చరికగా వినవలెను. కమ్ములు లేని ఓడ మూడడుగుల దూరమునుండి చూచువారికి లోపముగా కనబడదు. వంకరగా అతికిన కమ్ములు మాత్రము వీధి గుమ్మమునుండియే కనబడును.

ఇప్పుడు మన బాలురు కోరిన మహానౌకల సంగతి చూతము. యమాటో పొడవు 263 మీటర్లు. 700వ వంతున 37 సెంటీమీటర్లకు పైగా వచ్చును. బల్లమీద బాగుగనే యుండును. దాని తొమ్మిది పెద్ద ఫిరంగులను మూడు గోపురములలో అమర్చుట సుఖమైన పని. అయితే 1945 నాటికి ఆ యోడమీద విమానములను కొట్టు చిన్న తుపాకులు నూటయేబదికి మించి యుండెను. మూడేసి గొట్టముల గుంపులే యేబది వఱకు కలవు. ఒక్కొక్కటి కందిగింజంత. మొదటి నాలుగింటిని అతికించునపుడు ఆనందము. పదింటి నాటికి అలవాటు. ఇరువదింటి నాటికి శిక్ష. బిస్మార్కు కిట్టుపెట్టె మీద నలుపు తెలుపు వాలుపట్టీలతో నున్న బొమ్మను వేయుదురు. ఆ పట్టీలను సరియైన వాలున గీయుటకు అంటుకాగితమును కొలిచి కత్తిరించి అతికి, రంగు వేసి, చీలకుండ తీయవలెను. తమాషా యేమనగా, ఆ యోడ 1941 మేలో నార్వే తీరమున నుండగనే నావికులు ఆ పట్టీలలో చాలవఱకు బూడిదరంగుతో కప్పివేసిరి. కావున బొమ్మలో కనబడు వేషముతో అది తన కడపటి యుద్ధము చేయలేదు.

హుడ్ విషయమున చేతిపని చిక్కుకంటె వేఱొక మాట చెప్పవలసియున్నది. ఆ యోడ 1941 మే 24న బిస్మార్కుతో పోరుచు కొలది నిమిషములలో పేలి మునిగినది. అందున్న 1,418 మందిలో బ్రదికినవారు ముగ్గురు. నమూనా యోడ ఆటవస్తువే. కాని అది ఏ యోడకు నమూనాయో ఆ యోడ ఆటవస్తువు కాదు. యుద్ధనౌకను పిల్లలచేత కట్టించుట తగునా యని తల్లులు కొందఱు అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. నా యభిప్రాయము చెప్పెదను. ఓడ పేరు తెలియక, కథ తెలియక, తుపాకుల సంఖ్యనుబట్టి మాత్రమే కట్టు బాలుని చేతిలో అది వట్టి బడాయి. ఆ యోడమీద ఎందఱుండిరి, వారేమైరి యని విచారించి కట్టు బాలునికి అది చరిత్రపాఠము. పెట్టెతోబాటు ఓడ చరిత్రను ఒక పుట వ్రాసి తేవలెనని మన హస్తకళల తరగతిలో నియమము పెట్టుటకు ఇదియే కారణము.

అట్లయినచో ఏది కొనవలెను? నా సమాధానము ఇది: 700వ వంతు డిస్ట్రాయరు, అడుగు లేనిది, నూరు ముక్కలకు లోపలిది. డిస్ట్రాయరు అనగా పెద్ద యోడలకు కాపలాగా పోవు చిన్న, వడిగల యుద్ధనౌక. వీనిలో అమెరికావారి ఫ్లెచర్ తరగతి చాల ప్రసిద్ధమైనది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఒకే నమూనాపై 175 ఓడలను కట్టిరి. పొడవు సుమారు 115 మీటర్లు, కావున 700వ వంతున 16 సెంటీమీటర్ల పైచిలుకు. అయిదు ఫిరంగులు, రెండు పొగగొట్టములు, అయిదేసి గొట్టముల టార్పీడో వరుసలు రెండు, ఒక ఓడకొయ్య. పెద్ద యోడలోనున్న ప్రతివిధమైన భాగమును ఇందున్నది, అయితే ఒక్కొక్కటి విసుగు పుట్టునంత లేదు. నేర్చుకొనుటకు కావలసినది సరిగా ఇదియే. టమియావారు ఈ ఫ్లెచరును 700వ వంతునను 350వ వంతునను కూడ చేసిరి. మొదట చిన్నది కట్టి, నచ్చినచో అదే యోడను పెద్ద వంతున మఱల కట్టినవారికి తమ చేయి ఎంత ముందుకు వచ్చినదో కంటికి కనబడును.

చిన్న యోడ యనగానే పెదవి విఱచువారికొఱకు ఒక్క ఫ్లెచర్ తరగతి యోడ కథను చెప్పెదను. దాని పేరు జాన్‌స్టన్. 1944 అక్టోబరు 25 ఉదయమున ఫిలిప్పీను దీవులలో సమార్ ద్వీపము దాపున, చిన్న విమానవాహక నౌకలు ఆఱింటికి మూడు డిస్ట్రాయర్లును, అంతకంటె చిన్నవి మఱి నాలుగును కాపలాగా నుండెను. వానిమీదికి అనుకొనని దిక్కునుండి జపాను నౌకాదళము వచ్చిపడినది: నాలుగు మహా యుద్ధనౌకలు, ఎనిమిది క్రూయిజర్లు, పదునొకండు డిస్ట్రాయర్లు. ఆ నాలుగింటిలో ఒకటి యమాటోయే. ఆ యొక్క యోడ బరువు ముప్పది ఫ్లెచరుల బరువు. జాన్‌స్టన్ నాయకుడు ఎర్నెస్టు ఎవాన్స్ పై ఆజ్ఞకొఱకు వేచియుండక, తన యోడను శత్రువు వైపునకే త్రిప్పెను. పొగతెర పఱచుచు దగ్గఱకు పోయి టార్పీడోలను విడువగా, వానిలో ఒకటి కుమానో అను క్రూయిజరు ముందుభాగమును పడగొట్టినది. పెద్ద గుండ్లు తగిలి సగము బలము పోయిన తరువాతను ఆ యోడ పోరాటమును విడువలేదు. తుదకు శత్రు డిస్ట్రాయర్లు చుట్టుముట్టగా మునిగినది. 327 మందిలో 186 మంది చనిపోయిరి; ఎవాన్స్ వారిలో ఒకడు. విమానవాహక నౌకలలో ఎక్కువ భాగము బ్రదికినవి. జపాను దళము వెనుకకు మరలినది. అమెరికను నావికులు డిస్ట్రాయరును పరిహాసముగా రేకుడబ్బా యనుచుండిరి, దానికి చెప్పుకొనదగిన ఉక్కు కవచము లేకపోవుటచేత. జాన్‌స్టన్ శకలములను 2021లో మానవులు జలాంతర వాహనమున దిగి చూచిరి. అవి 6,400 మీటర్లకు పైబడిన లోతున నున్నవి. 16 సెంటీమీటర్ల నమూనాను చేతిలో పట్టుకొని ఈ కథను తెలిసికొన్నవానికి, అది చిన్న యోడ యని చెప్పుట కష్టము.

ఫ్లెచరును ఎన్నుకొనుటలో మఱొక సౌకర్యము కలదు. ఈ తరగతి యోడలు కొన్ని ఇప్పటికిని అమెరికాలో భద్రపఱచబడియున్నవి: బాస్టనులో క్యాసిన్ యంగ్, బఫెలోలో ది సల్లివన్స్, లూసియానాలో కిడ్. మన తెలుగువారి పిల్లలు ఎందఱో ఆ దేశమున నున్నారు. అట్టి బంధువులు గలవారు ఫిరంగుల ఫోటోలను, డెక్కుమీది వస్తువుల ఫోటోలను తెప్పించుకొనవచ్చును. కాగితముమీది సూచనలలో తెలియని సంగతి ఒక మంచి ఫోటోలో తెలియును.

అడుగు లేనిదని పైన అంటిని. వాటర్‌లైన్ కిట్టునందు ఓడ నీటిమట్టమువఱకే యుండును, క్రిందిభాగముండదు. బల్లయే సముద్రము. పూర్తి అడుగుగల కిట్లలో ఎడమ కుడి భాగములను వెన్నువెంట అతుకవలెను. ఆ యతుకు గీత కనబడకుండ నింపి, గరుకు కాగితముతో రుద్ది, మఱల రంగు వేయవలెను; పిమ్మట నిలుపుటకు పీట కావలెను. జలాంతర్గామికి మాత్రము ఈ నియమమునుండి మినహాయింపు ఇచ్చెదను. దాని సొగసంతయు నీటిక్రింది ఆకారములోనే యున్నది. ముక్కలును మిక్కిలి తక్కువ. రెవెల్ కంపెనీవారి జర్మను ఏడవ రకపు జలాంతర్గామి 350వ వంతున 19 సెంటీమీటర్లుండును. కుదురైన చేయిగల పండ్రెండేండ్లవారు దానిని రెండు వారముల సాయంకాలములలో ముగింపగలరు. అదే యోడ 72వ వంతున దాదాపు మీటరుండును. దాని పెట్టెను చూచి మోహపడవద్దు.

మన తీరమునకు సంబంధించిన యోడ కావలెనని ఒక బాలిక అడిగినది. ఈ కోరిక నాకు నచ్చినది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేసిన విమానములు ర్యూజో అను జపాను విమానవాహక నౌకనుండి లేచినవి. ఆ యోడ అదే సంవత్సరము ఆగస్టు 24న సాలమను దీవుల దాపున మునిగినది. దాని కిట్లు 700వ వంతున కలవు. కాని దాని పైతట్టు క్రింద సన్నని దూలములు గూడుకట్టియుండును. పైన గోరంత విమానములను ఒక్కొక్కటిగా కూర్చవలెను. మూడవ కిట్టుగా అది మంచిది. ఇంకొకటి: స్వతంత్రమైన తరువాత మన నౌకాదళమునకు 1948లో వచ్చిన మొదటి క్రూయిజరు ఢిల్లీ. అది పూర్వము అకిలీస్ అను పేర 1939 డిసెంబరు 13న దక్షిణ అమెరికాలో ప్లేటు నదీముఖము దాపున జర్మనుల గ్రాఫ్ స్పే తో పోరాడినది. ఆ యుద్ధమునుగూర్చి 1956లో వచ్చిన ఆంగ్ల చలనచిత్రమున అకిలీస్ వేషమును మన ఢిల్లీయే ధరించినది! దాని సోదరనౌక ఏజాక్సు కిట్టును ఏర్‌ఫిక్స్‌వారు 600వ వంతున చేసిరి, 28 సెంటీమీటర్లు. రెండవ కిట్టుగా దీనిని తీసికొమ్మని ఆ బాలికకు చెప్పితిని.

మొదటిదిగా ఏల కాదనగా, అచ్చు పాతది. ఇది పెట్టెను చూచి తెలిసికొనుటకు వీలులేని సంగతి. ఉక్కు అచ్చులు మిక్కిలి ఖరీదైనవి గనుక కంపెనీలు వానిని దశాబ్దములకొలది వాడుదురు. పెట్టెమీద బొమ్మ నిన్న వేసినది కావచ్చును, లోపలి అచ్చు 1960 ప్రాంతముది కావచ్చును. పాత అచ్చులో ముక్కల అంచుల వెంట పలుచని పొరలు వచ్చును. రెండు భాగములు కలియుచోట సందులుండును. అనుభవజ్ఞులు వానిని సరిచేయుటలోనే ఆనందింతురు. క్రొత్తవారు తమ చేతనే తప్పు జరిగినదని తలంతురు. కొనుటకు ముందు అచ్చు పుట్టిన సంవత్సరమును, ముక్కల సంఖ్యను విచారింపుడు. ఈ రెండు ప్రశ్నలకు సమాధానము తెలియని దుకాణములో తొందరపడి కొనరాదు.

జిగురు అక్కఱలేక బిగించుటతోనే నిలుచు కిట్లును ఈ మధ్య వచ్చినవి. ఫుజిమివారు 700వ వంతున అట్టి వరుసను చేసిరి; ముక్కలు ముందే వేఱువేఱు రంగుల ప్లాస్టికుతో నుండును. జిగురు వాసన సరిపడని ఇండ్లలోను, పదేండ్లలోపు పిల్లలకును ఇవి అనుకూలము. అయితే ఇట్లు చేయబడినవి ఎక్కువగా మహానౌకలే గనుక ముక్కల లెక్క తప్పదు.

ఓడతో కూడ కొనవలసినవి కొన్ని కలవు. వానిని కలుపక ధర లెక్కించుకొని, తరువాత మండిపడు తండ్రులు కలరు. చట్రమునుండి ముక్కలను తీయుటకు చదునైన నోటి కత్తెర, సన్నని కత్తి, పట్టకారు, గరుకు కాగితము, ప్లాస్టికు జిగురు, రెండు కుంచెలు, మూడు రంగులు. ముక్కను చేతితో విఱువరాదు. విఱిచినచో చట్రముతోబాటు ముక్క అంచును ఊడివచ్చును. ప్లాస్టికు జిగురు మన బంకవంటిది కాదు. అది ప్లాస్టికు పై పొరను కరగించి రెండు ముక్కలను ఒకటిగా చేయును. కావున బొట్టు ఎక్కువైనచో ఓడ ప్రక్కయే కరగును. అతికించుటకు ముందు జిగురు లేకుండ ముక్కలను కలిపి చూచుకొనవలెను. కిటికీలు తెఱచియుంచవలెను. రంగులలో నీటితో కలియు ఆక్రిలికు రకము ఇంటికి మేలు. కుంచెను నీటితో కడుగవచ్చును. వానకాలమున రంగు తేమచేత ఆలస్యముగా ఆరును, తొందరపడి రెండవ పూత వేయరాదు.

రంగు విషయమునను ఫ్లెచరే నయము. అమెరికా నౌకాదళము యుద్ధకాలమున వాడిన 21వ రంగు పద్ధతిలో నిలువు తలములన్నియు ముదురు నీలము. అడ్డ తలములన్నియు డెక్కు నీలము. రెండే రంగులు, వంకర గీతలు లేవు. ప్రక్కలకు ముందు రంగు వేసి, ఆరిన తరువాత డెక్కునకు వేయవలెను. అంచు తప్పినచో సన్నని కుంచెతో మఱల దిద్దవచ్చును. అన్నియు అతికించిన తరువాత రంగు వేయుదమనుకొన్నచో పొగగొట్టముల వెనుకకు కుంచె పోదు. కావున డెక్కునకు రంగు వేసిన పిమ్మటనే ఫిరంగులను నిలుపుట మంచిది.

తల్లిదండ్రులకు ఒక మనవి. కత్తితో కోయు పనిలో చిన్నపిల్లల ప్రక్కన కూర్చుండుడు. ఇంటిలో ప్రాకు పసిపిల్లలున్నచో ముక్కలను మూతగల డబ్బాలో పెట్టింపుడు. కందిగింజంత ఫిరంగి నోటిలోనికి పోవుటకు క్షణము పట్టదు. వంకరగా నిలిచిన ఓడకొయ్యను పిల్లవాడు నిద్రించిన తరువాత మీరు సరిచేయకుడు. ఉదయము లేచి చూచినచో వానికి తెలియును. అది వంకరగానే యుండనిండు. ముగిసిన దినమున దానిని అతిథులు కూర్చుండు గదిలో, పసివారి చేతికి అందనంత యెత్తున, పెట్టుటకు చోటు ఇండు.